నా ఫోన్లో కన్నడ పాటలు ఎందుకంటే



మొన్న రాత్రి మిరపకి నీళ్ళు కడతాండా. మా కాలవ వంతు ఆ రోజు రాత్రి పదకొండుకి వచ్చింది. చేతిలో పార, తలకి టవలు, చొక్కా జేబులో ఫోను పాడతా ఉంది. మడవ తిప్పి గట్టు మీద కూర్చున్నా. పక్క చేని పిల్లోడు బండి మీద పోతా ఆగి, "ఏం మామా, ఎప్పుడు చూసినా కన్నడ పాటలే. మనకి తెలుగులో పాటలు కరువా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నా. పొద్దున టీ అంగడి కాడ నలుగురి ముందర మళ్ళీ అదే మాట అన్నాడు. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. కానీ దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అందుకే ఈ రోజు పత్తి ధర, పురుగు మందు పక్కన పెట్టి ఇది రాస్తాండా. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి.

మా నాయన మూడో తరగతి వరకే చదివినాడు. మా ఊరి భజన గుంపులో ముందు పాట ఆయనదే. శనివారం శనివారం ఆంజనేయస్వామి గుడిలో పాడేవాళ్ళు, ఏకాదశి వస్తే తెల్లవార్లూ. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి కాడికి గుంపంతా పోయి, రాత్రి అక్కడే పాడి పొద్దున వచ్చేవాళ్ళు. ఆయన ఒక ముక్క అంటే వెనక పన్నెండు మంది అందుకునేవాళ్ళు. తాళాలు, హార్మోనియం, ఒక డోలక్. అంతే సరంజామా.

ఆయన కాడ ఒక పాటల నోటుబుక్కు ఉండేది. మూడు నోటుబుక్కులు కలిపి గోనె దారంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసినది. అందులో సగం పాటలు కన్నడం, సగం తెలుగు. అక్షరాలు మాత్రం అన్నీ తెలుగే. ఆయనకి కన్నడం చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. కౌతాళం, కోసిగి, హొళగుంద పక్క పుట్టినోళ్ళకి అది ఎవరూ నేర్పరు. సంతలో, పెండ్లి సంబంధాల్లో అదే వస్తాది. ప్రతి పాటకి నంబరు వేసి, కింద ఎవరి కాడ నేర్చుకున్నాడో రాసుకునేవాడు. నంబర్లు నూట నలభై దాటినాయి.

ఆ పుస్తకాన్ని పోగొట్టింది నేనే.

2009లో మంత్రాలయం వైపు ఏటి ఒడ్డు ఊర్లో ఉండే మా బంధువు ఒకాయన భజనకి కావాలంటే ఇచ్చినా. నాయనకి చెప్పలేదు, వారంలో వస్తాది కదా అనుకున్నా. ఆ అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగిపోయిన సంగతి ఈ పక్కోళ్ళకి ఎవరికీ మర్చిపోయేది కాదు. మా బంధువుల ఇల్లు పోయింది. మనుషులు బతికి బయటపడినారు, అదే గొప్ప. అన్నీ పోయినోళ్ళని నోటుబుక్కు ఏమైందని ఎట్ల అడుగుతాం?

నెల తర్వాత నాయన పుస్తకం యాడుందని అడిగినాడు. చెప్పినా. తిట్టలేదు. కాసేపు ఊరకుండి, "నీకు ఎన్ని వచ్చురా?" అన్నాడు. మనసులో లెక్క పెట్టుకున్నా. మొదలు నుంచి చివరిదాకా తప్పు లేకుండా పాడగలిగేవి నాలుగు. ముప్పై ఏండ్లు ఆయన పక్కన కూర్చుని తాళం వేసినోన్ని, నాలుగే వచ్చు. ఎందుకంటే నేను ఎప్పుడూ వెనక అందుకునేవాన్నే. ఆయన ముందుండగా నాకు ముందు పాడే పని పడలేదు.

2011లో ఆయన పోయినాడు. మధ్యలో రెండేండ్లు ఉండె కదా, కూర్చుని రాసుకోలేకపోయినావా అని మీరు అడగొచ్చు. రాసుకోలేదు. ఆ రెండేండ్లు పత్తి, అప్పులు, కూతురి పెండ్లి. సాకులు ఎప్పుడూ ఉంటాయి.

నాలుగేండ్ల కిందట మా కొడుకు పెద్ద ఫోను కొనిచ్చినాడు. పాట మొదలు నోటితో చెప్తే అదే ఎతికి పెడతాదని చూపించినాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను, నా భార్య, భజనలో మిగిలిన ఇద్దరు పెద్దోళ్ళు కూర్చుని, ఆ నోటుబుక్కులో ఏమేం పాటలు ఉండేవో గుర్తు చేసుకున్నాం. నెల పట్టింది. మొదటి మాటలు గుర్తొచ్చినవి 61 తేలినాయి. అప్పటి నుంచి ఒక్కొక్కటీ ఎతుకుతాండా. ఇప్పటికి ఫోన్లో 38 దొరికినాయి. రాత్రి నీళ్ళు కట్టేటప్పుడు నేను వినేది అవే. పిల్లోడు అడిగిన దానికి మొదటి జవాబు ఇది.

ఎతికేటప్పుడు తెలిసినవి కొన్ని చెప్తా. మా నాయన పాడే కన్నడ పాటల చివర్లో ఎప్పుడూ ఒక "విఠల" వచ్చేది. దేవుని పేరు కదా అనుకునేవాన్ని. అది రాసినోళ్ళ గుర్తంట. పురందర విఠల అని ఉంటే పురందరదాసుది, విజయ విఠల అని ఉంటే విజయదాసుది. కాగినెలె ఆదికేశవ అని ఉంటే కనకదాసుది. విజయదాసు 1682లో రాయచూరు పక్క చీకలపర్విలో పుట్టినాడు. 1755లో కార్తీక శుద్ధ దశమి నాడు పోయింది యాడో తెలుసా? మన చిప్పగిరిలో. ఆలూరు దాటి గుంతకల్లు దారిలో ఉండే ఆ ఊరే. ఎన్నిసార్లు ఆ పక్క పోయినానో లెక్క లేదు, ఆయన కట్ట అక్కడుందని తెలీదు. మా నాయన పాటల్లో కనీసం తొమ్మిది ఆయనవి. నేను ఇన్నాళ్ళూ అవి మా ఊరి పాటలు అనుకున్నా. ఆలోచిస్తే అదీ తప్పేం కాదు.

గదగ్ వైపు పుట్టిన భీమ్‌సేన్ జోషి గారు దాసుల పాటలు పాడినారు. భారతరత్న వచ్చిన పెద్దాయన. లక్ష్మీదేవిని ఇంటికి పిలిచే పురందరదాసు పాట ఆయన గొంతులో మొదటిసారి విన్నప్పుడు గట్టు మీదే లేచి నిలబడినా. కానీ మా నాయన వరుస అది కాదు. జోషి గారు ఒక్క మాటని పట్టుకుని ఎంత దూరమైనా పోతాడు, మళ్ళీ వస్తాడు. మా నాయన పన్నెండు మంది అందుకోవాలని ముక్క ముక్కకి ఆపుతాడు. పొద్దంతా పత్తి తీసి, కలుపు తీసి వచ్చినోళ్ళకి ఊపిరి తీసుకునే సందు వదుల్తాడు. మాటలు ఫోన్లో దొరికినాయి. ఆ సందు ఎంత వదలాలో ఫోన్లో దొరకలేదు.

ఇప్పుడు "మన పాటలు, పరాయి పాటలు" సంగతికి వస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనే ఉండె. ఆ రోజు బళ్ళారి మైసూరుకి పోయింది, ఆదోని, ఆలూరు ఇటు వచ్చినాయి. గీత గీసినారు సరే, పాటలు పంచలేదు కదా. మంత్రాలయంలో స్వామి మఠానికి ఊరు ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అంటారు. ఇటు చూస్తే చిప్పగిరి దాసు కన్నడంలో పాడినాడు. అటు చూస్తే కర్ణాటకలో చిక్కబళ్ళాపురం పక్క కైవారం తాతయ్య తెలుగులో తత్వాలు చెప్పినాడు. ఇప్పటికీ అక్కడోళ్ళు తెలుగులోనే పాడతారు. వాళ్ళ ఊర్లో ఎవరైనా "మనకి కన్నడంలో కరువా" అని అడిగితే ఆ తత్వాలు ఏం కావాల? ఇంకోటి. నన్ను అడిగిన పిల్లోడు ప్రతి ఏడూ సంక్రాంతి ముందర సుగ్గికి పోతాడు. సుగ్గి అనే మాటే కన్నడం కదప్పా. పంట కోతల కాలం అని అర్థం. మనకి వలస అని అర్థమైపోయింది.

పాత పాటలే గొప్ప, కొత్తవి చెత్త అని నేను చెప్పడంలేదు. నా కూతురి పెండ్లిలో డీజే పెట్టినాం, నేనూ గంతులు వేసినా. పిల్లోళ్ళు వాళ్ళకి నచ్చినవి వింటారు. నా బాధ వేరే. "అన్నీ ఫోన్లో ఉన్నాయిలే" అని అందరం నమ్ముతాండాం. లేవు. ఎవరో పెట్టినవే ఉన్నాయి. నాకు దొరికిన 38లో దాదాపు అన్నీ పుస్తకాల్లో అచ్చైనవి, పెద్ద గాయకులు పాడినవి. దాసుల పాటలకి తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళ దాస సాహిత్య ప్రాజెక్టు ఉంది. బ్రహ్మంగారి తత్వాలకి మఠం ఉంది, పుస్తకాలున్నాయి. అవి మనం మర్చిపోయినా యాడో ఒక చోట బతుకుతాయి. దొరకని 23 ఏవి? ఈరన్న స్వామి మీద మా పక్క ఊరోళ్ళు కట్టినవి. పీర్ల పండక్కి గుండం చుట్టూ తిరుగుతా పాడే పదాలు. ఆడోళ్ళు పత్తి తీస్తా పాడేవి. కాలవకి మొదటిసారి నీళ్ళొచ్చినప్పుడు ఎవరో కట్టిన పాట. వీటికి మఠం లేదు, పుస్తకం లేదు. పాడే మనిషి పోతే అంతే.

ఆ 23లో ఒకటి పోయిన ఏడు దొరికింది. మా వదిన గుంటూరు పక్క మిరప కోతలకి సుగ్గికి పోతాది. ఆమెకి ఒక పాట వచ్చని మా ఆవిడ చెప్పింది. ఫోన్ చేసి అడిగితే, "పనికిమాలిన పాట, దానికేం ఇప్పుడు" అంది. బతిమాలినాం. రాత్రి వంటయినాక ఆమె మనవడు ఫోన్లో రికార్డు చేసి పంపినాడు. పదకొండు నిమిషాలు ఉంది. గుడిసె మీద పట్ట గాలికి కొట్టుకునే చప్పుడు, గిన్నెలు కడిగే చప్పుడు, ఎవరిదో బిడ్డ ఏడుపు. మధ్యలో ఆమె దగ్గి, "ఆగు, తప్పు పోయినా" అని మళ్ళీ మొదలు పెడతాది. ఒక చరణం తెలుగు, ఒక చరణం కన్నడం. మూడు చరణాలు అయ్యేసరికి పక్క గుడిసెల ఆడోళ్ళు నలుగురు వచ్చి వెనక అందుకున్నారు. వాళ్ళందరికీ వచ్చు! మా ఊర్లో నేను నాలుగేండ్లు ఎతికిన పాట గుంటూరు మిరప చేన్లో ఉంది. నా ఫోన్లో అన్నిటికంటే ఎక్కువ వినేది అదే. మొన్న రాత్రి పిల్లోడు ఆగి అడిగినప్పుడు పాడతా ఉండింది కూడా అదే. కన్నడ చరణం కాడ ఆగినాడు. ఇంకో నిమిషం ఆగి ఉంటే తెలుగు చరణం వినేవాడు, వాళ్ళ అమ్మ గొంతు కూడా వినేవాడు. వెనక అందుకున్న నలుగురిలో ఆమె ఉంది.

సంక్రాంతి ఇంకెంతో దూరం లేదు. సుగ్గి బండ్లు కదిలితే సగం ఊరు ఖాళీ, మళ్ళీ ఉగాదికే. ఇప్పుడు శనివారం భజనకి నలుగురం కూర్చుంటే ఎక్కువ. కాబట్టి వాళ్ళు పోకముందే ఒక పని చేయండి. మీ ఇంట్లో అమ్మ, అవ్వ, వదిన, పెద్దనాయన ఎవరికి ఒక్క పాట వచ్చినా ఫోన్లో పట్టండి. పాట ముందర వాళ్ళ పేరు, ఊరు, ఎప్పుడు పాడేదో వాళ్ళ నోటితోనే చెప్పించండి. తప్పు పోతే మళ్ళీ పాడమనండి, తప్పుని కూడా తుడిపేయొద్దండి. పాత భజన నోటుబుక్కు ఉంటే ప్రతి పేజీ ఫోటో తీసి, ఇద్దరికి పంపండి. ఒక్కరి కాడే ఉంచితే ఏమైతాదో నన్ను చూసి తెలుసుకోండి. కన్నడం రాకపోతే తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి, మా నాయన రాసుకోలేదా? మిగతాది పిల్లోళ్ళ ఇష్టం. వినాలనుకున్న రోజుకి అది ఉండాల, అంతే.

ఇంకా 22 మిగిలినాయి. వాటిలో ఒక్కటి మిమ్మల్ని అడుగుతా. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకి, ఎద్దుల సంతకి, ఒక రైతు తన ఎద్దుని అమ్మడానికి తోలుకుని పోతాంటాడు. దారిలో ఎద్దు ఆయనతో మాట్లాడతాది. మొదటి చరణంలో తను దున్నిన చేన్ల పేర్లన్నీ చెప్తాది. రెండో చరణంలో రైతు తన అప్పుల లెక్క చెప్తాడు. అది పాడేటప్పుడు మా నాయన గొంతు ప్రతిసారీ ఒకే చోట ఆగేది. మూడో చరణంలో ఎద్దు జవాబు చెప్తాది. ఆ జవాబు నాకు గుర్తు లేదు, మా గుంపులో ఎవరికీ లేదు.

మీ పక్క ఎవరికైనా వస్తే చెప్పండప్పా. తెలుగైనా సరే, కన్నడమైనా సరే.