కొలత జాకెట్టు లేకుండా బయోడేటా కుట్టొద్దు

టైలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సరిగ్గా పట్టే జాకెట్టు ఒకటి కొలతకి తీసుకెళ్తాం. "అందరికీ కుట్టినట్టే నాకూ కుట్టేయన్నా" అని ఎవరమూ అనం. మరి ఉద్యోగానికి బయోడేటా ఇచ్చేటప్పుడు మాత్రం ఒకే కాగితం ఇరవై జిరాక్సులు తీయించి, కనబడిన చోటల్లా ఎందుకిచ్చేస్తాం?

మొన్న మా ఆడపడుచు కూతురు అట్లాంటి కాగితమే పట్టుకొచ్చింది. బీకాం చదివింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. వాన మీద ఆధారపడిన వేరుశనగే వాళ్ళ సేద్యం. మన అనంతపురం వానల సంగతి మీకు చెప్పేదేముంది? ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అదీ కాయ ఊరే రోజుల్లో మొహం చాటేస్తుంది. నిరుడు వాళ్ళకి విత్తనాల ఖర్చు కూడా తిరిగి రాలేదు. "ఈ పని దొరికితే పిల్లోళ్ళ ఫీజులన్నా కట్టుకుంటా అత్తా" అంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు కూడా వచ్చాయి కదా, అట్లాంటి ఒక చోట స్టోర్స్ అసిస్టెంట్ కావాలట. వచ్చిన సరుకు, పోయిన సరుకు లెక్క రాయాలి. ఎక్సెల్ తెలియాలి. పనివాళ్ళతో మాట్లాడగలగాలి. కన్నడం వస్తే మంచిది. వాళ్ళు అడిగినవి ఈ నాలుగే.

మరి మా పిల్ల కాగితంలో ఏమున్నాయి? తండ్రి పేరు, భర్త పేరు, కులం, పదో తరగతి మార్కులు. హాబీలు: వంట, టీవీ చూడటం. అనుభవం: నిల్. పెళ్ళిచూపులకి పంపిన బయోడేటాలో ఎత్తూ రంగూ తీసేస్తే మిగిలేది ఇదే!

"ఈ ఎనిమిదేళ్ళూ ఏం చేసినావమ్మీ?" అన్నాను.

"ఇంట్లోనే ఉన్నా కదత్తా. రాసేకి ఏముంది నా కాడ?"

కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగాను. మూడు వేసవులు ఉపాధి హామీ పనుల్లో మేట్‌గా చేసింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైందే మన జిల్లా బండ్లపల్లిలో. రోజూ ఇరవై మంది హాజరు వేయడం, ఫోన్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోలు ఎక్కించడం, తవ్విన గుంతల కొలతలు రాయడం ఆమె పని. కూలి తక్కువ పడిందని గొడవకొచ్చిన వాళ్ళకి సర్దిచెప్పిందీ ఆమే. ఐదేళ్ళుగా పొదుపు సంఘం పుస్తకాలు రాస్తోంది. పుట్టిల్లు మడకశిర వైపు కాబట్టి తెలుగు ఎంతో కన్నడం అంతే. ఇన్ని చేసిన మనిషి తన చేత్తో తనే "నిల్" అని రాసుకుంది!

ఆ ప్రకటన పక్కన పెట్టుకుని, వాళ్ళడిగిన ఒక్కొక్క మాటకి ఎదురుగా తను చేసిన పని రాయించాను. అవి పైన, చదువు కింద. కులమూ హాబీలూ తీసేశాం. ఒకటే పేజీ.

మా ఆయన పక్కనుంచి "ఉన్నదానికి రంగులెయ్యడం కాదా ఇది?" అన్నారు. కాదంటాను నేను. గుడ్డ అదే, కత్తిరింపే వేరు. లేని గుడ్డని అతికిస్తే అది అబద్ధం. ఎవరో చెప్పారని ఈ పిల్ల ట్యాలీ వచ్చని రాయబోయింది. వద్దన్నాను. అడిగితే నోరు పెగలదు, దాంతో నిజంగా చేసిన పనుల్ని కూడా నమ్మరు. "నేర్చుకుంటున్నాను" అని రాయాలన్నా ఆ రోజు నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టాలి.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఎనిమిదేళ్ళు ఏం చేశావని అక్కడా అడిగారట. ఈసారి హాజరు పట్టీ దగ్గర మొదలుపెట్టి పది నిమిషాలు చెప్పిందట. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. రాకపోయినా, ఇంకో చోటికి మళ్ళీ కొలత తీసి రాసుకోవడం ఇప్పుడు తనకి తెలుసు.

మీకూ నేను చెప్పేది ఒకటే. ఒక నోటుబుక్కు పెట్టుకుని చేసిన ప్రతి పనీ రాసుకోండి. ఎంతమందితో, ఎన్నాళ్ళు, ఏ లెక్కలు, అన్నీ. అది మీ గుడ్డల మూట. ఉద్యోగం కనబడినప్పుడు దానికి పనికొచ్చే ముక్కలే తీయండి. "ఖాళీగా ఉన్నా" అన్న మాట ముందు మన నోట్లోంచి పోతే కదా, వాళ్ళ కాగితాల్లోంచి పోయేది!