ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఆసరా ఏది?

ముస్లింల విద్యా వెనుకబాటును సచార్ కమిటీ 2006లో దేశం ముందుంచింది. ఏడాదికి లక్ష రూపాయలలోపు ఆదాయం గల మైనారిటీ కుటుంబాల పిల్లలకు 2008లో కేంద్రం ప్రీ-మెట్రిక్ ఉపకార వేతనం ప్రవేశపెట్టింది. 2022-23 నుంచి దానిని 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఎనిమిదో తరగతి వరకు విద్యాహక్కు చట్టం కింద చదువు ఉచితమే కదా అన్నది ప్రభుత్వ వాదన.

ఫీజు లేనంత మాత్రాన పేదరికం తొలగిపోదు. నోటుపుస్తకాలకు, ఆటో ఛార్జీలకు డబ్బు కావాలి. అది లేని ఇంటి పిల్లవాడు పంక్చర్ షాపులో పనికి కుదురుతాడు. ఏడో తరగతిలోనే బడి మానిన బిడ్డకు తొమ్మిదిలో ఇచ్చే వేతనం ఏ విధంగా అక్కరకొస్తుంది?

ఒకటో తరగతి నుంచే ఉపకార వేతనాన్ని పునరుద్ధరించాలి. బడి మానిన పిల్లల వివరాలను మొహల్లాల వారీగా సేకరించి, ప్రజాప్రతినిధుల ముందుంచడం మనందరి బాధ్యత.