నేల టికెట్టు చాలు!

కారు రేసులంటే బోరనేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. కాదనను. మామూలు ర్యాలీ చూడాలంటే తెల్లారకుండానే అడవిలోకి పోయి, బురదలో గంటలకొద్దీ కాచుకోవాలి. కారు 'జుయ్' మని ఒక్క క్షణం కనబడి మాయం! హీరో ఎంట్రీ చూపించి హాల్లోంచి బయటికి పంపేసినట్టన్నమాట.

ఆ బాధ లేకుండా పుట్టిందే ర్యాలీక్రాస్. పుట్టించిందెవరనుకున్నారు? కెమెరావాళ్లే! 1967 ఫిబ్రవరి 4న ఇంగ్లండులోని లిడెన్ హిల్‌లో టీవీ ప్రోగ్రాం కోసం ర్యాలీ కార్లను తెచ్చి ఒకే ట్రాకు మీద వదిలారు. కొంత తారు, కొంత మట్టి. పోర్షే 911తో విక్ ఎల్ఫర్డ్ గెలిచాడు. చుట్టూ గట్టు కాబట్టి, నేల టికెట్టు ప్రేక్షకుడికి కూడా కథంతా కళ్లముందే.

నాకు ప్రాణం మాత్రం జోకర్ ల్యాప్. ప్రతి డ్రైవరూ రేసులో ఒక్కసారి, పక్కనున్న చుట్టుదారిలో వెళ్లి రావాలి. రెండు మూడు సెకన్లు నష్టం. ఎప్పుడు వెళతాడన్నది అతనిష్టం. కొందరు మొదట్లోనే ఆ బాకీ తీర్చేసుకుంటారు, కొందరు చివరి ల్యాపుదాకా దాచుకుంటారు. అంచేత ముందున్న కారు నిజంగా ముందున్నట్టు కాదు! టీవీ కెమెరా ఒక కారు వెంట పడితే రెండోది జోకర్‌లోకి దూరిన సంగతి తెలీదు. నేనైతే కాయితం మీద టిక్కులు పెట్టుకుంటూ చూస్తాను. గట్టుమీది వాళ్లకి ఆ అవస్థ లేదు, అదృష్టవంతులు.

ఇంకో సంగతుంది, సరదాది కాదు. 1986లో పోర్చుగల్ ర్యాలీలో ఓ కారు రోడ్డువారనున్న జనంలోకి దూసుకుపోయి ప్రేక్షకులు చచ్చిపోయారు. అదే ఏడు కోర్సికాలో డ్రైవర్ టోయివోనెన్, పక్కసీట్లోని క్రెస్టో ప్రాణాలు పోగొట్టుకున్నారు. గ్రూప్ బి అనే ఆ రాక్షసి కార్లను 1987 నుంచి ప్రపంచ ర్యాలీల్లోంచి వెళ్లగొట్టారు. అవే కార్లు యూరప్ ర్యాలీక్రాస్‌లో 1992 దాకా పరిగెత్తాయి. అదే ఇంజను, అదే దూకుడు. జనం మాత్రం కంచె అవతల. ర్యాలీలో మలుపుకి అంగుళం దూరంలో నిలబడ్డమే మొనగాడితనం అనుకున్న కుర్రాళ్లు ఇలాంటి గట్టెక్కి ఉంటే ఇంటికి చేరేవాళ్లు కదా అనిపిస్తుంది.

అన్నట్టు, 2022లో ప్రపంచ చాంపియన్‌షిప్ పెద్ద క్లాసులోకి ఎలక్ట్రిక్ కార్లు తెచ్చారు. పికప్ అదిరింది, చప్పుడు పోయింది. రీరికార్డింగ్ లేని ఫైటులా ఉందని గొణిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా టిక్కులు పెట్టడం మానలేదు లెండి!