ప్రసవమయ్యాక కన్ను ఎర్రబడిందా? నిద్రలేమి అని వదిలేయకండి

లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం, గ్రేవ్స్ థైరాయిడ్.. ఇవన్నీ మన రోగనిరోధక వ్యవస్థే మన శరీరంపై దాడి చేయడం వల్ల వచ్చే ఆటోఇమ్యూన్ జబ్బులు. పిల్లల్ని కనే వయసు మహిళల్లో ఎక్కువగా కనిపిస్తాయి. కంటినీ వదలవు.

కాన్పు తర్వాతే ఎందుకు?

కడుపులోని బిడ్డకు హాని కలగకుండా గర్భిణిలో రోగనిరోధక వ్యవస్థ తీరు మారుతుంది. అందుకే కంటి లోపలి వాపు యువైటిస్ చాలామందిలో చివరి నెలల్లో తగ్గుతుంది. కాన్పయ్యాక ఆరు నెలల్లోపు తిరగబెట్టే ముప్పు ఉంటుంది. గ్రేవ్స్‌దీ అదే దారి. లూపస్ మాత్రం గర్భంలోనూ ముదరొచ్చు. బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా ముప్పూ ఎక్కువే.

చిక్కెక్కడ?

కాన్పయ్యాక ఆశా కార్యకర్త తొలి విడతగా ఇంటికొచ్చి చూసేది 42 రోజుల వరకు. అదీ ప్రధానంగా పసిబిడ్డ కోసం. తల్లి కంటికి ముప్పు ఆ తర్వాతా ఉంటుంది. కాబట్టి మీరే వెళ్లి అడగాలి.

కంటి వెలుగు సరిపోదా?

2018 ఆగస్టు 15న మొదలైన ఆ శిబిరాల్లో ప్రధానంగా చూపు పరీక్షించి కళ్లద్దాలిచ్చారు. యువైటిస్ తేలాలంటే కంటి వైద్యుడు స్లిట్ ల్యాంప్‌తో చూడాలి. చుక్కలు వేసి రెటీనానూ పరీక్షించాలి.

మీరేం చేయాలి?

• గర్భంతో ఉన్నప్పుడే, ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే ఉచిత పరీక్షల్లో మీ జబ్బు పేరు చెప్పండి. కంటి పరీక్షకు రెఫరల్ రాయించుకోండి.

• మొగుడంపల్లి వాళ్లకు దగ్గరిది జహీరాబాద్ ఏరియా ఆసుపత్రి. పెద్ద సమస్యైతే హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం కాబట్టి, పాత చీటీలన్నీ వెంట పెట్టుకోండి.

• లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలోనూ కొనసాగించవచ్చు. సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. ఏళ్ల తరబడి వాడేవారికి రెటీనా పరీక్ష తప్పనిసరి. మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ మాత్రం గర్భానికి ముందే డాక్టర్ సలహాతో మార్చుకోవాలి.

• మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకండి. కంటిలో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు.

ఆగకూడని లక్షణాలు

నొప్పితో కూడిన ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లచుక్కలు తేలడం.. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి వైద్యుడికి చూపించుకోండి. గర్భిణికి లేదా బాలింతకు తలనొప్పితో పాటు కళ్లముందు మెరుపులు కనిపిస్తే ముందు బీపీ చూపించాలి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లిన రోజే మీ కన్నూ చూపించమని అడగండి. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.