ఆరోగ్య బీమా: మార్పునకు గడువు

ఆరోగ్య బీమా పాలసీలు గల కుటుంబములు మన తెలుగు నాట నేడు పెక్కులున్నవి. ఆ పాలసీని ఎప్పుడు మార్చుకొనవచ్చునో యెరిగినవారు మాత్రము అరుదు. ఈ అజ్ఞానమునకు ప్రజలనే నిందించుట న్యాయము కాదని మా అభిప్రాయము.

క్రొత్తగా చేరుటకు మన దేశమున గడువేమియు లేదు. సంవత్సరములో ఏ దినముననైనను చేరవచ్చును. 65 ఏండ్ల వయఃపరిమితియు 2024లో తొలగినది. కాని చేరిననాడే రక్ష లభించునని తలపరాదు. ప్రమాదములు తప్ప తక్కిన వ్యాధులకు సామాన్యముగా మొదటి 30 దినములు పరిహారము లేదు. అప్పటికే యున్న మధుమేహము, రక్తపుపోటు వంటివానికి 36 మాసముల వరకు వేచియుండవలసి రావచ్చును. 2024కు పూర్వము ఇది 48 మాసములు! వ్యాధి పైబడిన పిమ్మట పరుగెత్తువానికి ఈ బీమా అక్కరకు రాదు.

కంపెనీని మార్చుట వేరు సంగతి. 2011 అక్టోబరు 1వ తేదీ నుండి పాలసీదారునకు ఈ హక్కు కలదు. పాత కంపెనీలో గడపిన నిరీక్షణకాలము వృథా కాక అతని వెంట వచ్చును. ఈ హక్కునకు ప్రాణమదియే. పూర్వపు బీమా మొత్తము వరకే ఆ లాభము. పెంచుకొన్న మొత్తమునకు లెక్క మరల మొదలగును. అయితే ఈ మార్పు పాలసీని పునరుద్ధరించు వేళనే సాధ్యము. క్రొత్త కంపెనీ పత్రములను పరీక్షింపవలెను. తిరస్కరించు స్వేచ్ఛయు దానికి కలదు. కావున కనీసము 45 దినములు ముందుగా దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆ సంగతి తెలియనివాడు ఇష్టము లేకున్నను పాత కంపెనీకే మరియొక యేడు ప్రీమియము చెల్లించుకొనుచున్నాడు.

అమెరికాలో ప్రభుత్వపు బీమా విపణి నవంబరు 1వ తేదీన అందరికి నొక్కసారిగా తెరచుకొనును. అందరి గడువు నొకటే యగుటచే పత్రికలును సంఘములును దానిని చాటగలవు. ఇచ్చట ఎవరి తేదీ వారిది, చాటువారెవరు? ప్రీమియము తేదీని గుర్తుచేయుటలో కంపెనీలు చూపు శ్రద్ధ, మారుటకు తుదిదినమును తెలుపుటలో కానరాదు. ఈ మౌనము వలన లాభమెవరిదో వేరుగ వ్రాయనక్కర లేదు.

70 ఏండ్లు నిండినవారి కొక ఊరట కలదు. 2024 అక్టోబరు 29 నుండి ఆయుష్మాన్ భారత్ క్రింద, ఆదాయముతో నిమిత్తము లేక, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యము లభించును. ఉన్న వ్యాధులకు నిరీక్షణ లేదు. ఇంట పెద్దలున్నవారు జాగుసేయక వారి పేర్లు వ్రాయింపవలెను.

తక్కినవారి మాట యేమి? బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదుననే యున్నది. పునరుద్ధరణకు 60 దినములు ముందుగా ప్రతి పాలసీదారునకును, అతని మాతృభాషలో, మార్పునకు తుదిదినమును స్పష్టముగా తెలుపు జాబు పంపవలెనని ఆ సంస్థ కంపెనీలను శాసింపవలెను. ఒక్క జాబుకగు వ్యయమెంత?