ఆ రెండో అంకె కూడా చూపించండి

విలేజ్ ప్రెసిడెంట్ గారికి, విలేజ్ బోర్డు సభ్యులకు, పోలీసు పెన్షన్ ఫండ్ ట్రస్టీలకు,

ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని విలేజ్ క్లర్కు ఆఫీసులో ఇచ్చాను. తెలుగులో అచ్చువేయించడం మన ఊళ్ళోని తెలుగు ఇళ్ళ కోసం. షికాగో చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న వాళ్ళందరికీ ఆస్తిపన్ను అంటే గుండెదడే. ఏడాదికి రెండు వాయిదాలు కడతాం, బళ్ళు బాగున్నాయి కదా అని సరిపెట్టుకుంటాం. బిల్లులో పెద్ద భాగం బళ్ళకే పోతుందని అందరికీ తెలుసు. విలేజ్ పేరు పక్కన పెన్షన్ అని ఉండే చిన్న గడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అకౌంట్లు చూడటమే నా ఉద్యోగం. పదిహేడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఆ గడి నా కంటపడటానికి కారణం ఒక జనవరి రాత్రి.

ఆరేళ్ళ కిందట మా అమ్మ అర్ధరాత్రి ఇంట్లోంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. అప్పటికి మతిమరుపు మొదలై కొద్ది నెలలే అయింది. కాళ్ళకి రబ్బరు చెప్పులు, ఒంటి మీద నేతచీర, పైన నా స్వెట్టరు. మేం లేచి చూసేసరికి వీధి తలుపు తెరిచి ఉంది, మెట్ల మీద మంచు పేరుకుని ఉంది. 911కి ఫోన్ చేసిన ఇరవై నిమిషాలకి ఒక ఆఫీసరు ఆవిడని కార్లో తీసుకొచ్చాడు. తన చేతి తొడుగులు తీసి ఆవిడకి తొడిగాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు. యూనిఫాం చూసి, "డ్యూటీ దిగావా నాయనా, అన్నం తిన్నావా?" అని అడుగుతోంది. ప్రకాశం జిల్లాలో నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా చేసే రోజుల్లో, మా ఇంటికి వచ్చే కుర్ర కానిస్టేబుళ్ళని అడిగే మాట అది.

ఆ ఆఫీసరు పోయినేడాది రిటైరయ్యాడు. ఆయన పెన్షన్ దరఖాస్తు మీ పెన్షన్ బోర్డు అజెండాలో ఉందని తెలిసి ఒక పూట సెలవు పెట్టి వచ్చాను. మామూలు పనిరోజు, పొద్దున ఎనిమిదింటికి, పోలీసు స్టేషన్ వెనక గది. ఊరివాళ్ళ కోసం వేసిన కుర్చీల్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

ట్రస్టీలారా, ముందు మీకు కృతజ్ఞతలు చెప్పాలి. మీరు అయిదుగురు. ఇద్దరిని ప్రెసిడెంట్ గారు నియమించారు, ఇద్దరిని ఉద్యోగంలో ఉన్న ఆఫీసర్లు, ఒకరిని రిటైరైనవాళ్ళు ఎన్నుకున్నారు. ఈ పనికి జీతం లేదు. పైగా చట్టం చెప్పిన శిక్షణ తరగతులకి హాజరు కావాలి. ఆ రోజు మీరు ఆయన సర్వీసు ఎన్నేళ్ళో, చివరి జీతం ఎంతో కాగితం మీద ఒక్కొక్కటే సరిచూసి ఓటు వేశారు. 2011 జనవరి 1కి ముందు చేరిన ఆఫీసరుకి 50 ఏళ్ళ వయసు, 20 ఏళ్ళ సర్వీసు ఉంటే జీతంలో సగం పెన్షన్. ఆపైన ప్రతి ఏడాదికీ రెండున్నర శాతం కలుస్తూ 75 శాతం దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత చేరినవాళ్ళకి వయసు 55, మిగతా నిబంధనలూ బిగువే. ఎవరైనా సరే జీతంలో 9.91 శాతం నెలనెలా ఈ ఫండులో కడతారు. వీళ్ళలో చాలామందికి సోషల్ సెక్యూరిటీ కోత ఉండదు, కాబట్టి ఆ ఉద్యోగం మీద ఆ పెన్షనూ ఉండదు. "పోలీసులకి మనం ఎందుకు కట్టాలి?" అని గుళ్ళో, పార్టీల్లో అడిగే మనవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళ ముసలితనానికి చాలామట్టుకు ఆసరా ఇదొక్కటే.

దరఖాస్తు పని అయ్యాక యాక్చువరీ నివేదిక తీశారు. ఎవరు ఎన్నేళ్ళు బతుకుతారు, జీతాలు ఎలా పెరుగుతాయి, పెట్టుబడులు ఎంత తెస్తాయి అని లెక్కగట్టి, ఈ ఏడాది ఊరు ఎంత జమచేయాలో చెప్పే నివేదిక అది. అందులో రెండు అంకెలున్నాయి. ఒకటి చట్టం ఒప్పుకునే కనీసం. రెండోది యాక్చువరీ సిఫారసు, కనీసం కన్నా బాగా పెద్దది. పెన్షన్ బోర్డు రెండోదే అడిగింది. డిసెంబరులో విలేజ్ బోర్డు మొదటిదే లెవీగా, అంటే ఆస్తిపన్నుగా, వేసింది. ఆ సమావేశానికీ వచ్చాను. రెండు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. ముందు పెట్టిన కాగితంలో రెండో అంకె లేదు.

ఆ కనీసం ఎలా పుట్టిందో ఊరికి తెలియాలి. పోలీసు ఫండ్ల పాత బాకీ, అంటే ఇవ్వాల్సిన పెన్షన్లకి ఫండులో తక్కువైన డబ్బు, మొత్తం 2033 నాటికి తీరిపోవాలని ఇల్లినాయ్ చట్టంలో ఒకప్పుడు ఉండేది. 2011 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుతో గడువు 2040కి జరిగింది, గమ్యం నూటికి నూరు నుంచి తొంభైకి తగ్గింది. పైగా ఏటా కట్టాల్సింది జీతాల మొత్తంలో ఒక శాతంగా కొలుస్తారు. జీతాలు పెరిగేకొద్దీ కట్టేదీ పెరుగుతుంది కాబట్టి మొదటి ఏళ్ళలో తక్కువ, చివరి ఏళ్ళలో ఎక్కువ. మొదట్లో కట్టేది ఒక్కోసారి బాకీ మీద వడ్డీకి కూడా చాలకపోవచ్చు. అంటే కడుతూనే ఉంటాం, బాకీ పెరుగుతూనే ఉంటుంది. ఇంటి లోను మీద ఇలాంటి షరతు పెడితే మన ఇళ్ళలో ఎవరైనా సంతకం చేస్తారా?

ఈ బాకీని ఆలస్యం చేస్తే తగ్గుతుందని ఆశపడటానికీ దారి లేదు. 1970 రాజ్యాంగం 13వ అధికరణం 5వ సెక్షన్ ప్రకారం ఇల్లినాయ్‌లో ప్రభుత్వ పెన్షన్ ఒక ఒప్పందం, దాన్ని తగ్గించడానికి వీల్లేదు. రాష్ట్ర ఉద్యోగుల పెన్షన్లు తగ్గిస్తూ 2013లో చేసిన చట్టాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 2015 మేలో కొట్టేసింది. ఊళ్ళు తమంతట తాము దివాలా పిటిషన్ వేసుకునే వెసులుబాటూ ఇక్కడ మామూలుగా లేదు. ఈ ఏడాది కట్టనిది ఎగిరిపోదు, మా పిల్లల బిల్లులోకి పోతుంది.

విలేజ్ బోర్డు కష్టమూ నాకు తెలుసు. పెన్షన్ ఎంత ఉండాలో తేల్చేది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శాసనసభ, కట్టేది ఊరు. పాత చట్టం కింద చేరినవాళ్ళకి 55 ఏళ్ళు దాటాక ఏటా 3 శాతం చక్రవడ్డీలా పెరుగుతుంది. ఏడాదికి 60,000 డాలర్ల పెన్షన్ ఇరవై ఏళ్ళలో 1,08,000 దాటుతుంది. దీన్ని మీరు నిర్ణయించలేదు. 2008లో మార్కెట్ కూలడం మీ చేతిలో లేదు. పెట్టుబడి ఎంత తెస్తుందన్న అంచనా ఒక్క అర శాతం మారినా లెక్క తలకిందులవుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత లక్ష డాలర్లు ఇవ్వాలంటే, ఏటా 7 శాతం వస్తుందనుకుంటే ఇవాళ దాదాపు 25,800 పక్కన పెడితే చాలు. ఆరున్నరే అనుకుంటే 28,400 పెట్టాలి. ఒక్క లక్షకే ఇంత తేడా ఉంటే, ఊళ్ళో రిటైరైన అందరికీ, వాళ్ళ భార్యలకీ భర్తలకీ ఎంతవుతుందో చూడండి.

"అదంతా ఇప్పుడు రాష్ట్రం చూసుకుంటోంది కదా" అని మా వీధిలో ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. అది నిజం కాదు. 2019 డిసెంబరులో గవర్నర్ ప్రిట్జ్‌కర్ సంతకం చేసిన చట్టం షికాగో బయటి ఊళ్ళలోని ఆరు వందలకు పైగా పోలీసు, ఫైరు ఫండ్ల పెట్టుబడులని రెండు పెద్ద ఫండ్లలోకి చేర్చింది. పోలీసులది పియోరియాలో ఉంది. అది మంచి పనే. అంతకుముందు స్టాకుల్లో ఎంత పెట్టవచ్చో ఫండు పరిమాణాన్ని బట్టి చట్టం గీత గీసేది, చిన్న ఊళ్ళ డబ్బు తక్కువ రాబడిలో మగ్గేది, ప్రతి ఊరూ సలహాదారులకి విడివిడిగా ఫీజులు కట్టేది. కొన్ని ఫండ్లు కోర్టుకెక్కినా 2024 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. అయితే కలిసింది పెట్టుబడి మాత్రమే. ప్రతి ఊరి ఖాతా వేరు, ప్రతి ఊరి బాకీ వేరు. పక్క ఊరు బాగా కట్టినా మనకి ఒక్క డాలరు రాదు. ఎవరికి పెన్షన్ ఇవ్వాలో, డ్యూటీలో గాయపడ్డవాళ్ళకి ఏమివ్వాలో తేల్చేది ఇప్పటికీ ఆ వెనక గదిలో కూర్చునే అయిదుగురే.

మా నాన్న పెన్షన్ ఏ ఊరి ఇంటిపన్ను మీదా ఆధారపడలేదు. అక్కడ పోలీసు అంటే రాష్ట్రప్రభుత్వ శాఖ. జీతమూ పెన్షనూ ట్రెజరీ నుంచి వచ్చేవి. ఏటా సబ్ ట్రెజరీ ఆఫీసుకి వెళ్ళి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి రావడమే ఆయన పని. ఊరికి సొంత పోలీసు శాఖ ఉంటుందన్న సంగతే నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలియదు. అక్కడా కాలం మారింది. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్ళని కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్ (సీపీఎస్)లో వేశారు. మా పిన్ని కొడుకు అలా చేరిన కానిస్టేబులే. నెలనెలా జీతంలో కోత తెలుస్తుంది గానీ రిటైరైతే చేతికి ఎంతొస్తుందో వాడికి తెలియదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటే. ఇక్కడి ఆఫీసర్లకి ఆ బెంగ లేకుండా రాజ్యాంగం రాసిపెట్టింది. ఆ హామీని డబ్బుతో నింపాల్సింది మాత్రం మన ఊళ్ళో ఉన్న ఈ కొద్ది వేల ఇళ్ళే. జనాభా 5,000 దాటిన ప్రతి చిన్న ఊరి నెత్తిన చట్టం ఈ బరువు పెట్టింది.

నింపకపోతే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. మనకి దక్షిణాన ఉన్న హార్వీ ఏళ్ళ తరబడి సరిగ్గా కట్టలేదు. కట్టని ఊళ్ళకి రావలసిన డబ్బుని రాష్ట్ర కంట్రోలర్ ఆపి పెన్షన్ ఫండుకి మళ్ళించవచ్చన్న చట్టం అప్పటికే అమల్లో ఉంది. 2018లో హార్వీ డబ్బు ఆగిపోయింది. ఆ ఏప్రిల్‌లో ఆ ఊరు పదుల సంఖ్యలో పోలీసులనీ ఫైరువాళ్ళనీ ఇళ్ళకి పంపింది. నిన్నటి పోలీసుకి ఇవ్వాల్సింది దాచిపెట్టకపోవడంతో ఇవాళ్టి పోలీసు ఉద్యోగం పోయింది. మరో చోట పరిస్థితి ఇంకా ఘోరం. అలబామాలో ప్రిచర్డ్ అనే చిన్న ఊరిని, ఫండు 2009 నాటికి ఖాళీ అవుతుందని 2004లోనే హెచ్చరించారు. ఎవరూ కదల్లేదు. సరిగ్గా 2009 సెప్టెంబరు నుంచి దాదాపు 150 మంది రిటైరైనవాళ్ళకి చెక్కులు ఆగిపోయాయి. రోడ్ ఐలండ్‌లో సెంట్రల్ ఫాల్స్ 2011లో దివాలా తీస్తే కొందరి పెన్షన్లు సగానికి పైగా కోసేశారు. మన ఊరు ఆ ఊళ్ళంత పేదది కాదు. అందుకే నాకు ఎక్కువ బాధ. వాళ్ళకి కట్టే స్తోమత లేకపోయింది, మనకి ఉంది.

లెవీ పెంచితే జనం తిడతారని మీరు భయపడుతున్నారని నాకు తెలుసు. నాలాంటి మధ్యతరగతి ఇంటికి అది భారమే, రిటైరై స్థిరమైన రాబడి మీద బతికే పొరుగువాళ్ళకి ఇంకా భారం. అందుకే మొత్తం ఒక్క ఏడాదిలో పెంచమని అడగను. కనీసానికీ సిఫారసుకీ మధ్య దూరాన్ని అయిదేళ్ళలో మెట్టుమెట్టుగా చెరిపే తీర్మానం చేయండి. సేల్స్ టాక్స్ అనుకున్నదాని కన్నా ఎక్కువ వచ్చిన ఏడాది ఆ మిగులులో ఒక వంతు ఈ ఫండులో వేస్తామని ముందే రాసిపెట్టండి. గడువు 2040 తర్వాతకి జరపమని అడిగేవాళ్ళ పక్కన మన ఊరి పేరు చేర్చకండి.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు. ఈ డిసెంబరు లెవీ ఓటుకి ముందు రెండు అంకెలనీ ఒకే కాగితం మీద పక్కపక్కన వేయండి. తక్కువది ఎంచుకుంటే 2040 నాటికి ఊరు మొత్తం మీద ఎంత ఎక్కువ కట్టాల్సి వస్తుందో యాక్చువరీ చేత మూడో గడి నింపించండి. సగటు ఇంటికి ఏడాదికి ఎంత తేడానో రాయండి. ఆ కాగితం మీద చర్చ సాయంత్రం ఏడింటికి పెట్టండి, పనికి పోయేవాళ్ళు రాగలిగే వేళకి. ఆ రోజు కూడా తక్కువ అంకెకే ఓటు వేస్తే, ఎందుకు వేశారో ఒక్కొక్కరూ చెప్పండి. నేను ఒప్పుకోకపోవచ్చు గానీ తెలిసి చేశారని గౌరవిస్తాను.

తెలుగువాళ్ళకి ఒక మాట. మనం ఈ ఊళ్ళో బడి బోర్డు సమావేశాలకి వెళ్తాం, గుడి కట్టడానికి చందాలు పోగుచేస్తాం. పెన్షన్ బోర్డు మూణ్ణెల్లకోసారి కూడుతుంది, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. లెక్కలు వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

ప్రెసిడెంట్ గారూ, మీరు నియమించే రెండు స్థానాల్లో ఒకటి వచ్చే వేసవిలో ఖాళీ అవుతుందని విన్నాను. నా దరఖాస్తు ఈ ఉత్తరంతోపాటే క్లర్కు గారికి ఇచ్చాను. నన్ను కాకపోయినా, ఊళ్ళో పన్ను కడుతూ లెక్కలు చదవగలిగిన వాళ్ళనెవరినైనా అక్కడ కూర్చోబెట్టండి. పొద్దున ఎనిమిదింటికైనా వస్తాను.

ఇట్లు,
మీ ఊరి పన్ను చెల్లింపుదారు, ఒక హెడ్ కానిస్టేబుల్ కూతురు