పటములో పౌరునకు చోటేది?

నగరము పెరుగుట వింత కాదు. పేటలలో కాపురముండు ప్రజలను ఒక్కమాటయైన అడుగకయే పెరుగుట వింత. హైదరాబాదు చరిత్రమును నూరేండ్లకు పైగా వెనుకకు తిరిగి చూడుడు. ప్రణాళిక వేయు చేతులు మారినవి, పద్ధతులు మారినవి. ప్రజల నడుగని అలవాటు మాత్రము మారలేదు.

1908 సెప్టెంబరులో మూసీ వెల్లువ వేలకొలది ప్రాణములను హరించినది. ఆ దుఃఖమునుండియే నవీన నగరనిర్మాణము మొలకెత్తినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి 1920 నాటికి ఉస్మాన్‌సాగరు, 1927 నాటికి హిమాయత్‌సాగరు వెలసినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము ఇరుకు బస్తీలను తొలగించి, వీథులను వెడల్పుచేసి, ఇండ్లు కట్టించినది. పత్తర్‌గట్టి రాతి దుకాణముల వరుస నేటికిని దానికి సాక్షి. గాలి వెలుతురులు పేదవానికిని కావలెనని గుర్తించిన ఆ కార్యమును మేము మెచ్చుకొందుము. అయినను అది ఏలినవారి దయ. బస్తీవాడు అందు గ్రహీతయే గాని భాగస్వామి కాడు. రాచరికమున అంతకుమించి ఆశింపజాలము.

రాచరికము పోయినది. ప్రజాప్రభుత్వము చేసినదేమి? 1975లో హుడా వచ్చినది. 2008లో దాని స్థానమున హెచ్.ఎం.డి.ఏ. వచ్చినది. 2031వ సంవత్సరమువరకు వర్తించు మహాప్రణాళిక 2013లో వెలువడినది. పటములు పెద్దవగుకొలది అందు మన వీథి చిన్నదై తుదకు కనబడకపోయినది. ఆ రంగుల కాగితమును చూచి, తాను కొన్న స్థలము చెరువులో నున్నదో గట్టుపై నున్నదో తెలిసికొనగల గృహస్థులెందరు?

పటము ఒక త్రోవను, నగరము ఒక త్రోవను పోగా, ప్రభుత్వము మూడవ త్రోవ కనిపెట్టినది. అనుమతిలేని లేఅవుట్లను రుసుము పుచ్చుకొని క్రమబద్ధము చేయుటయే అది. 2007 తుదిని ఒకమారు, 2015లో ఒకమారు, 2020లో మరియొకమారు ఈ పథకమే ప్రకటింపబడినది. పశువులను చేనిలో మేయనిచ్చి, పిదప బందెలదొడ్డి రుసుముతో బొక్కసము నింపుకొనువానిని కాపరి యందుమా? అదే 2020 అక్టోబరు వానలకు చెరువునీరు తన పాతచోటు వెదకికొనుచు కాలనీలలోనికి వచ్చినది. నీటికి రసీదులు చదువ రాదు!

2024లో హైడ్రా వచ్చి చెరువులలోని కట్టడములను కూల్చ నారంభించినది. చెరువులను కాపాడవలసినదే, అందు మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని న్యాయవాదవృత్తిలో నున్న మా ప్రశ్న ఒక్కటి: అట్టి స్థలమునకు దస్తావేజు రిజిస్టరుచేసి స్టాంపు సుంకము గైకొన్న దెవరు? ఇంటికి నెంబరు వేసి పన్ను వసూలు చేసిన దెవరు? ఇచ్చిన చేయియు కూల్చిన చేయియు సర్కారుదే యైనప్పుడు, శిక్ష కొన్నవానికి మాత్రమేనా?

ప్రజలకు ఈ శాస్త్రము తెలియదని అధికారులందురు. ఏ వానకు ఏ నాలా పొంగునో ఆ గల్లీ ముసలమ్మకు తెలిసినంత పటము గీసినవారికి తెలియునా? రాజ్యాంగము ఆమె పక్షముననే యున్నది. 1993లో అమలునకు వచ్చిన 74వ సవరణ మూడు లక్షలకు తక్కువగాని జనసంఖ్యగల పురములకు వార్డు సంఘములను విధించినది. మహానగర ప్రణాళికా సంఘమున మూడింట రెండువంతులకు తగ్గకుండ స్థానిక ప్రజాప్రతినిధు లెన్నుకొన్నవా రుండవలెనని శాసించినది. 2011 లెక్కలలో 67 లక్షలకు పైబడిన నగరమునకు 2020 ఎన్నికలలో నున్న వార్డులు 150; అనగా వార్డొకటికి సుమారు 45 వేలమంది. ఇందరికి ఒక కార్పొరేటరు చాలునా? వార్డు సంఘము కాగితముపై నుండి కదలివచ్చి వీథిలో కూర్చుండవలెను.

మేము కోరునవి మూడు. ప్రతి వార్డు పటమును, చెరువుల నాలాల హద్దులతో సహా, తెలుగు ఉర్దూలలో పఠనాలయములందు వ్రేలాడదీయవలెను. వార్డు సంఘము బహిరంగవిచారణ జరుపనిదే లేఅవుటునకు అనుమతి ఈయరాదు. అక్రమమునకు అనుమతించిన అధికారి పేరు కూల్చివేత నోటీసుపైననే ఉండవలెను.

పాఠకులారా! దయకై ఎదురుచూచు కాలము గతించినది. 2005 నాటి సమాచారహక్కు చట్టము మీ చేతనున్నది; నగరమున దరఖాస్తు రుసుము పది రూపాయలు. ఈ వారమే మీ వీథి పటమును అడుగుడు. అడుగనివాని పేటకు పటము గీయువారు అతనిని అడిగి గీయరు.